విడుపు

మెలే ఒక్కరోజు నా ట్రక్కు తోలింది.
సాయంత్రం తాళాలు చేతిలో పెడుతూ అంది:
"హైమా, ఇది ఎడమకి లాగుతోంది. తెలీదా నీకు?"

తెలీదు.
రెండేళ్ళుగా తోలుతున్నాను,
నేలలో తడి కొలిచే గొట్టాలు వెనకేసుకుని
రాబిన్‌వేల్ బాదం తోటల చుట్టూ.
నా కుడి భుజానికి తెలుసేమో.
రాత్రిళ్ళు సలుపుతుంటే అమృతాంజనం రాసి
నోరు నొక్కేసేదాన్ని.

"రోడ్డే అటు వాలుంటుంది" అన్నాడు బంకు కుర్రాడు.
నిజమే. వాన నీరు జారడానికి
మనం పోయే పక్క రోడ్డు ఎడమకి ఒరుగుతుంది.
నెపం వెయ్యడానికి రోడ్డంత మంచిది లేదు,
ఎదురు మాట్లాడదు.

ఆదివారం, ధాన్యం గోదాముల వెనక
బల్లపరుపు సిమెంటు మీదికి తీసుకెళ్ళి
నలభైలో స్టీరింగ్ వదిలేశాను.
ఆరు లెక్కపెట్టేలోపు
ఎడమ కంచె ముఖం మీదికొచ్చింది.

మొదట గాలి. నాలుగింట్లోనూ ముప్పై నాలుగు.
తరవాత ముందు టైర్లు అటుదిటూ ఇటుదటూ మార్చాను:
తప్పు టైరుదైతే లాగుడూ పక్క మారాలి.
మారలేదు.
మిల్డూరాలో లేజరు పెట్టి చూసి
కాగితం ఇచ్చారు, అంకెలన్నీ పచ్చగా,
ఫస్టు క్లాసు ప్రోగ్రెస్ రిపోర్టులా.
నూట పది డాలర్లు.
తిరిగొస్తూ దారంతా ఎడమకే లాగింది.

"చక్రాలు ముట్టుకో" అన్నాడు జప్పియా ముసలాయన.
ద్రాక్ష తోట అమ్మేసినా
పాత ట్రాక్టర్ల షెడ్డు అమ్మలేదు ఆయన.
"వద్దులే, చెయ్యి కాల్తుంది. నీళ్ళు చల్లు."
కుడి చక్రం మీద తడి అలాగే నిలిచింది.
ఎడమది చుయ్‌మంది,
దోసె వెయ్యబోయే ముందు పెనం లాగ.

జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, బ్రేకు తొక్కి వదిలాక
చేత్తో తిప్పి చూశాం.
కుడిది మూడు చుట్లు తిరిగి ఆగింది.
ఎడమది పావు చుట్టుకే మొరాయించింది.
కాలిపర్ పిన్నులు ఊడదీశాను. శుభ్రంగా ఉన్నాయి.
పిస్టన్ బిగుసుకుందని నేను పందెం కాశాను.
ఆయన పలకలేదు. చిన్న రెంచీతో
బ్లీడర్ స్క్రూ అర మర విప్పాడు.
చివ్వున చిమ్మింది టీ రంగు బ్రేక్ ఆయిల్.
చక్రం తనంతట తనే
ఊపిరి వదిలినట్టు వదులైంది.

"గొట్టం" అన్నాడు.

పైకి నిగనిగలాడుతోంది, ఒక్క బీట లేదు.
కోసి చూస్తే లోపలి రబ్బరు ఉబ్బి
సూది దూరే సందే మిగిలింది.
పోయేటప్పుడు ఆయిల్‌కి నా కాలి బలం తోడు.
వచ్చేటప్పుడు దానికెవరూ లేరు.
నేనెప్పుడో కాలు తీసేసినా
చక్రం మాత్రం ఇంకా తొక్కుతున్నాననే అనుకునేది.

రెండు గొట్టాలూ కొత్తవి వేశాం.
"కుడిది బానే ఉందిగా?" అన్నాను.
"ఈడు ఒకటేగా" అన్నాడాయన
కొత్త ఆయిల్ సీసా మూత పళ్ళతో లాగుతూ.
బ్రేకు పెడల్ దగ్గర నేను, చక్రం దగ్గర ఆయన,
తొక్కు, పట్టు, వదులు,
తొక్కు, పట్టు, వదులు,
బుడగలు ఆగేదాకా చీకటి పడింది.
డబ్బిస్తే తీసుకోలేదు.
నిమ్మకాయ ఊరగాయ సీసా మాత్రం
వాసన చూసి, తుమ్మి, ఉంచుకున్నాడు.

సోమవారం ఉదయం, యూస్టన్ వంతెన దాటాక
ఎదురుగా ద్రాక్ష లారీ. పెద్ద హారన్.
చూస్తే నేను నడి గీత మీదున్నాను.
బండి తిన్నగానే పోతోంది.
రెండేళ్ళ అలవాటున నా కుడి చెయ్యే
ఇంకా దాన్ని లాక్కొస్తోంది.

పక్కన ఆపాను. దిగి, చక్రం మీద
సీసాలో నీళ్ళు కొంచెం చల్లాను.
తడి అలాగే నిలిచింది.
మిగిలిన నీళ్ళు
భుజం మీద పోసుకున్నాను.